పద్దెనిమిదేళ్ల పిల్లల చేతికి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: విశాఖలో కొనే ముందు ఎలా తేల్చుకోవాలి

ఇంటర్ అయిపోయి ఇంజనీరింగ్ సీటు ఖాయం కాగానే చాలా ఇళ్లలో కారు మాట మొదలవుతుంది. కాలేజీ బస్సంటే పిల్లలకు ఇష్టం ఉండదు, బైక్ అంటే మనకు భయం. అంతలో అబ్బాయి ఫోన్ తెచ్చి చూపిస్తాడు. ఎర్ర రంగు, రెండు డోర్లు, నేలకు ఆనుకుని ఉండే బండి, కొత్త సెడాన్ ధరకే సెకండ్ హ్యాండ్‌లో. "కొత్తది కొన్నా ఇంతే అవుతుంది కదా నాన్నా" అంటాడు. అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు పదహారేళ్లకే మస్టాంగ్ నడుపుతున్నాడని కూడా గుర్తు చేస్తాడు. ఈమధ్య అమ్మాయిలూ ఇదే అడుగుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లైసెన్సు చేతికొచ్చిన మొదటి ఏడాది స్పోర్ట్స్ కారు వద్దు. ఆ తర్వాత కూడా అన్ని స్పోర్ట్స్ కార్లూ పనికిరావు, కొన్నే పనికొస్తాయి. కానీ ఊరికే "వద్దు" అని కూర్చుంటే ఆ మాట ఇంట్లో ఎన్నాళ్లో నిలవదు. ఎందుకు వద్దో, బదులుగా ఏది కొనొచ్చో, ఎప్పుడు కొనొచ్చో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే తేల్చుకోండి. కింద రాసింది ఆ వరుసలోనే ఉంది.

ముందు వయసు, లైసెన్సు సంగతి

మన చట్టం ప్రకారం కారు నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు ఇచ్చే లైసెన్సు గేర్లు లేని 50 సీసీ లోపు టూవీలర్‌కు మాత్రమే. అంటే ఇక్కడ కారు నడిపే టీనేజర్లంటే 18, 19 ఏళ్ల వాళ్లే. పదిహేడేళ్ల అబ్బాయి చేతికి "మన కాలనీ వీధిలోనే కదా" అని తాళం ఇచ్చినా నేరమే. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు నడిపి ఏదైనా నేరం చేస్తే దోషి తండ్రో, తల్లో, బండి యజమానో అవుతారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. భీమిలి వైపు బీచ్‌లో సరదాగా ఒక రౌండ్ వేయించే తండ్రులు ఈ చివరి వాక్యం మళ్లీ చదవాలి.

అమెరికా కజిన్‌తో పోలికకు కూడా ఇక్కడే జవాబుంది. అక్కడ పదహారేళ్లకు లైసెన్సు ఇచ్చినా దశలవారీగా ఇస్తారు. కొత్తలో రాత్రిపూట నడపడం మీద, తోటి వయసు వాళ్లను ఎక్కించుకోవడం మీద చాలా రాష్ట్రాల్లో ఆంక్షలుంటాయి. న్యూజిలాండ్ 1987లోనే ఇలాంటి పద్ధతి తెచ్చింది, ఫ్లోరిడా 1996లో తెచ్చింది. మన దగ్గర ఆ మెట్లు లేవు. ఎల్ఎల్ఆర్ తీసుకున్న 30 రోజులకు టెస్టుకు వెళ్లొచ్చు, పాసై లైసెన్సు రాగానే ఎంత పవరున్న కారైనా ఒంటరిగా నడపొచ్చు. చట్టం కట్టని ఆ మెట్లు మీరు ఇంట్లో కట్టుకోవాలి. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

ఎల్ఎల్ఆర్ ఉన్నన్నాళ్లూ ఎల్ బోర్డు ఉండాలి, పక్క సీట్లో లైసెన్సు ఉన్నవాళ్లు కూర్చోవాలి. ఎల్ఎల్ఆర్‌తో ఒంటరిగా వెళ్లి గుద్దితే ఇన్సూరెన్స్ దగ్గర మీ మాట చెల్లదు.

పవర్ ఎంతో లెక్క కట్టండి

పిల్లవాడు చూపించిన బండి పేరు చూసి భయపడకండి, చూసి మురిసిపోకండి. కాగితం మీద ఒక లెక్క వేయండి. ఇంజిన్ హార్స్‌పవర్‌ను బండి బరువుతో, అంటే టన్నులతో, భాగించండి. ఆల్టో 800 అయితే 48 హార్స్‌పవర్, బరువు ముప్పావు టన్ను లోపే, కాబట్టి టన్నుకు 65 నుంచి 70 వస్తుంది. మొన్నటి దాకా వచ్చిన పెట్రోలు స్విఫ్ట్‌కు 100 దగ్గర వస్తుంది. 2015లో వచ్చిన అబార్త్ పుంటో 145 హార్స్‌పవర్‌ది, దానికి 120 వస్తుంది. 2017 ఆక్టేవియా ఆర్ఎస్ 230 హార్స్‌పవర్, 160 వస్తుంది. 2016లో మన దేశానికి వచ్చిన మస్టాంగ్ జీటీ 401 హార్స్‌పవర్, అది 220 దాటుతుంది.

నా గీత ఇది. 100 దాకా మొదటి కారుగా ఫర్వాలేదు. 100 నుంచి 130 మధ్యవి ఒక ఏడాది మామూలు కారు నడిపాక. 150 దాటినవి టీనేజ్‌లో వద్దే వద్దు, ఎంత బుద్ధిమంతుడైనా సరే.

లెక్కలో కనిపించనిది ఇంకొకటి ఉంది, టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే ఏర్పాటు. పోలో జీటీ టీఎస్ఐకి వచ్చే అంకె స్విఫ్ట్‌కు దగ్గరగానే ఉంటుంది. కానీ ఆ టర్బో ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడే, 1,500 ఆర్‌పీఎమ్ దగ్గరే, 175 ఎన్ఎమ్ టార్క్ (బండిని ముందుకు లాగే బలం) ఇచ్చేస్తుంది. మామూలు పెట్రోలు ఇంజిన్ చాలా పైకి తిరిగితే గానీ తన పూర్తి టార్క్ ఇవ్వదు. కొత్త డ్రైవర్‌కు దీని తేడా ఎక్కడ తెలుస్తుందంటే, లారీని ఓవర్‌టేక్ చేస్తూ సగం దూరం వెళ్లాక యాక్సిలరేటర్ తొక్కినప్పుడు. తాను అనుకున్న దానికంటే బండి ముందే దూకుతుంది, అంతే వేగంగా ఎదురు బండి దగ్గరకొచ్చేస్తుంది. మస్టాంగ్, బీఎండబ్ల్యూ జెడ్4 లాంటి వెనక చక్రాలు లాగే బండ్లయితే తడి రోడ్డు మీద మలుపులో కొంచెం ఎక్కువ తొక్కినా వెనక భాగం జారుతుంది. దాన్ని పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

బ్రేకు సంగతి అంకెల్లో చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుంది. మంచి టైర్లు, పొడి రోడ్డు, కాలు బ్రేకు మీదకు రావడానికి ఒక సెకను అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి సుమారు 37 మీటర్లు పడుతుంది. 100లో సుమారు 83 మీటర్లు. వేగం రెట్టింపు కూడా కాలేదు, దూరం మాత్రం రెట్టింపు దాటింది. రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. స్పోర్ట్స్ కారు బ్రేకులు బాగుంటాయి నిజమే, కానీ కాలు కదిలే ఆ ఒక్క సెకను ఏ బండిలోనైనా ఒక్క సెకనే. 100లో ఆ సెకనులోనే 28 మీటర్లు పోతాం.

బండి రోజూ తిరిగేది ఏ రోడ్ల మీద?

ఇప్పుడు ఇల్లు, కాలేజీ, స్నేహితుల ఇళ్లు ఒక కాగితం మీద గీయండి. ఎంవీపీ కాలనీ నుంచి రుషికొండ వైపు కాలేజీ అయితే దారి బీచ్ రోడ్డు. మధురవాడ నుంచి సిటీలోకి అయితే ఎన్‌హెచ్ 16. గాజువాక, షీలానగర్ వైపు అయితే పోర్టు లారీలు, స్టీల్ ప్లాంట్ ట్రెయిలర్లు.

బీచ్ రోడ్డు అందంగా ఉంటుంది, అదే దానితో చిక్కు. తెన్నేటి పార్కు దాటి జోడుగుళ్లపాలెం వైపు వెళ్తుంటే ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం, మలుపు తిరిగేదాకా అవతల ఏముందో కనపడదు. సాయంత్రం అక్కడ ఫొటోలు తీసుకుంటూ రోడ్డు అంచున నిలబడే జనం ఉంటారు, ఐస్‌క్రీమ్ బండి ఉంటుంది, ఉన్నట్టుండి యూ టర్న్ తీసుకునే స్కూటర్ ఉంటుంది. సాగర్‌నగర్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించగానే కాలు కిందికి వెళ్తుంది. ఈ రోడ్డు మీద పవర్ ఉన్న కారు ఇచ్చేది ఏమీ లేదు, తీసుకునేదే.

హనుమంతవాక నుంచి ఎండాడ ఎక్కి మళ్లీ క్రికెట్ స్టేడియం వైపు దిగే వాలు ఇంకో రకం. దిగేటప్పుడు బండి దానంతటదే వేగం అందుకుంటుంది. కింద జంక్షన్లు, బస్సు ఆపిన చోట రోడ్డు దాటే జనం. ఇక్కడ నేర్చుకోవాల్సింది గేరు తగ్గించి ఇంజిన్‌తో వేగం ఆపుకోవడం. ఈ పని మామూలు మాన్యువల్ గేరు కారులో బాగా ఒంటబడుతుంది.

నేలకు ఆనుకున్న బండికి ఇంకో ఇబ్బంది, మన స్పీడ్ బ్రేకర్లు. కాలనీల్లో ఎవరింటి ముందు వాళ్లు కట్టుకున్న సిమెంటు దిబ్బలు చాలా ఉంటాయి. కింద తగలకుండా అడ్డంగా, ఏటవాలుగా ఎక్కించబోయి వెనక వచ్చే బైకును చూడకపోవడం కొత్త డ్రైవర్లు చేసే పొరపాటే. వాన పడితే జ్ఞానాపురం వైపు నీళ్లు నిలిచే చోట్ల ఇలాంటి బండితో వెళ్లనే కూడదు.

బండిలో ఇవి లేకపోతే ఇక చూడక్కర్లేదు

ధర కంటే ముందు ఈ జాబితా. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), కనీసం రెండు ఎయిర్‌బ్యాగులు, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. మూడోది ముఖ్యం. బండి జారడం మొదలుకాగానే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టేది అదే. కొత్త డ్రైవర్ తప్పుకు ఇంతకంటే మంచి అండ వేరే లేదు. ఎయిర్‌బ్యాగులు గుద్దాక కాపాడతాయి, ఇది గుద్దకుండా చూస్తుంది.

మన దేశంలో కార్లన్నిటికీ ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు రిమైండర్, స్పీడ్ అలర్ట్ 2019 జులై నుంచి వచ్చాయి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకూ 2021 చివరికి గానీ రాలేదు. అందుకే 2015 మోడల్ స్పోర్ట్స్ కారు కంటే 2020 తర్వాతి మామూలు కారు చాలాసార్లు మంచి బేరం. క్రాష్ టెస్టు స్టార్లు చూసేటప్పుడు వేరియంట్ కూడా చూడండి. 2014లో కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పోలోను ఎయిర్‌బ్యాగులు లేకుండా పరీక్షిస్తే సున్నా స్టార్లు, రెండు ఎయిర్‌బ్యాగులతో పరీక్షిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. బండి పేరు రెండు చోట్లా ఒకటే. నెక్సాన్‌కు 2018లో, ఆల్ట్రోజ్‌కు 2020 జనవరిలో అయిదు స్టార్లు వచ్చాయి. మొదటి కారుగా నేను చూడమనేది ఇలాంటి వాటినే.

బండి చూడటానికి వెళ్లినప్పుడు

పగలే వెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉండాలి, ముందే స్టార్ట్ చేసి ఉంచారేమో బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెంట ఒక మెకానిక్ ఉండాలి, అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ కాదు, మీ మెకానిక్.

విశాఖలో మొదట చూడాల్సింది తుప్పు. లాసన్స్ బే కాలనీలోనో, పెదవాల్తేరులోనో, బీచ్ వైపు సెక్టార్లలోనో ఏళ్ల తరబడి బయట పార్క్ చేసిన బండి పైకి మెరుస్తూ ఉంటుంది, అడుగున ఉప్పుగాలి తినేసి ఉంటుంది. జాక్ మీద గానీ, సర్వీస్ సెంటర్ లిఫ్ట్ మీద గానీ ఎత్తించి టార్చి వేయండి. సైలెన్సర్ క్లాంపులు, బ్రేకు పైపులు, సస్పెన్షన్ బిగించిన చోట్లు, డోర్ల కింద అంచు చూడండి. పైపైన కాషాయం రంగు మరక ఉంటే ఫర్వాలేదు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొడితే పొరలు పొరలుగా రాలితే బేరం అక్కడితో వదిలేయండి. అడుగంతా కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టించి ఉంటే సంతోషించకండి, దాని కింద ఏముందో మెకానిక్‌ను గీకి చూడమనండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలోకి చెయ్యి పెట్టండి. తడి, ఇసుక, తుప్పు అక్కడే దాక్కుంటాయి.

రెండోది మునిగిన బండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో ఉండిపోయాయి. అలాంటివి శుభ్రం చేసి వేరే ఊళ్లో అమ్మేస్తారు. డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా లాగండి. మామూలుగా ఎవరూ అంత లాగరు కాబట్టి లోపలి భాగంలో బురద గీత ఉంటే అలాగే మిగిలిపోతుంది. సీటు కింది పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ కింద వాసన వస్తోందా చూడండి. సెంటు ఎక్కువ కొట్టి ఉంటే అనుమానించండి.

ఎయిర్‌బ్యాగ్ లైటు చూడటం చాలామంది మర్చిపోతారు. తాళం తిప్పగానే మీటరులో ఆ లైటు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లైటు తీసేశారన్నమాట, ఆరకపోతే లోపం ఉందన్నమాట. గుద్దిన బండికి ఎయిర్‌బ్యాగులు కొత్తవి వేయడం ఖరీదు, అందుకే కొందరు వేయరు.

స్పోర్ట్స్ బండ్లలో మరీ ముఖ్యంగా అడగాల్సింది రీమ్యాప్. ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి పవర్ పెంచుతారు. కాగితాల్లో 105 హార్స్‌పవర్ ఉన్నది రోడ్డు మీద ఇంకెంతో అవుతుంది, క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకులు మాత్రం పాతవే. శబ్దం చేసే సైలెన్సర్, కిందికి దించిన స్ప్రింగులు, చెత్త బ్రాండ్ వెడల్పు టైర్లు కనిపిస్తే బండి ఎలాంటి చేతుల్లో తిరిగిందో తెలిసిపోతుంది. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధం. ఆ బండితో క్లెయిమ్‌కు వెళ్తే ఇన్సూరెన్స్ కంపెనీకి అదొక సాకు.

ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ రకం తెలుసుకోండి. పోలో జీటీలో వచ్చిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నడపడానికి హాయిగా ఉంటుంది, పాతబడ్డాక దానిలో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు గుండె ఆగేలా ఉంటుంది. టెస్ట్ డ్రైవ్‌లో ఎండాడ ఎక్కేటప్పుడు మెల్లగా వెళ్లే లారీ వెనకే కొంచెం దూరం పాకించండి. ఒకటి, రెండు గేర్ల మధ్య కుదుపు గానీ, వణుకు గానీ ఉంటే అక్కడే బయటపడుతుంది.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గాట్లు లోతుగా కనిపించినా అయిదారేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడిపోతుంది. నాలుగు టైర్ల ధర బేరంలో తగ్గించమనండి. వెడల్పు టైర్లు అరిగి ఉంటే వానలో నీటి మీద తేలిపోవడం ఎక్కువ, ఈ సంగతి పిల్లవాడికి కూడా చెప్పండి.

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023కు ముందు తయారైన చాలా బండ్లు దానికోసం చేసినవి కావు. పెట్రోలు మూత లోపలి స్టిక్కర్, మాన్యువల్ చదివి, సర్వీస్ సెంటర్‌లో అడిగి నిర్ధారించుకోండి.

కాగితాలు

ఆర్సీ నంబరు ప్రభుత్వ ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి యజమాని ఎన్నోవాడు, ఫైనాన్స్ ఉందా, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా చూడండి. పెండింగ్ చలానాలు విడిగా చూడండి. ఓవర్‌స్పీడ్ చలానాలు వరుసగా ఉంటే ఆ ఇంజిన్ ఎలా బతికిందో అర్థమవుతుంది. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీలో బ్యాంకు పేరు తీసేయించే ఫారం 35 చేతికి రాకుండా టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

వేరే రాష్ట్రం నంబరుతో చవగ్గా దొరికే బండ్ల దగ్గర ఆగి ఆలోచించండి. ఢిల్లీ ప్రాంతంలో పాత డీజిల్, పెట్రోలు బండ్ల మీద ఆంక్షలున్నందున అక్కడివి తక్కువకు అమ్ముతారు. ఇక్కడికి తెస్తే ఫారం 28తో అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ, ఏపీలో మళ్లీ లైఫ్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్ అన్నీ మీ మీద పడతాయి. ఆ ఖర్చంతా కలిపి చూస్తే చవక మిగలదు. ఇక్కడి బండి అయితే ఫారం 29, 30తో ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదకు మార్పించుకోవాలి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ మేరకు ప్రీమియం పెరుగుతుంది.

ఇన్సూరెన్స్ ఇక్కడ హెచ్చరించదు

అమెరికాలో టీనేజ్ కొడుకు పేరు స్పోర్ట్స్ కారు పాలసీలో చేర్చితే ప్రీమియం చూసే తల్లిదండ్రులకు కళ్లు తిరుగుతాయి. అక్కడ డ్రైవర్ వయసు బట్టి, రికార్డు బట్టి ధర కడతారు. ఇక్కడ అలా కాదు. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సైజును బట్టే ఉంటుంది. 2022 జూన్‌లో ఖరారైన రేట్లలో 1,000 సీసీ దాకా 2,094 రూపాయలు, 1,500 దాకా 3,416, ఆపైన 7,897. నడిపేది యాభై ఏళ్ల తండ్రా, పద్దెనిమిదేళ్ల కొడుకా అన్నది అందులో లేదు. కాబట్టి ప్రీమియం తక్కువ కదా అని ప్రమాదం తక్కువ అనుకోవద్దు.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. పాలసీతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్సీలో పేరున్న, లైసెన్సు ఉన్న యజమానికే. బండి మీ పేరు మీద ఉండి అబ్బాయి నడిపితే అది అతనికి వర్తించదు. కారులో కూర్చునే మిగతా వాళ్లకు అదనపు ప్రమాద కవర్ ఉంటుంది. నడిపే కొడుకుకూ, పక్కన కూర్చునే స్నేహితులకూ అది వర్తిస్తుందో లేదో అడిగి, కాగితం మీద రాయించుకోండి. అయిదేళ్లు దాటిన బండికి జీరో డిప్రిసియేషన్ (భాగాల ధరలో తరుగు తీయకుండా డబ్బిచ్చే కవర్) చాలా కంపెనీలు ఇవ్వవు. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగం డబ్బు మీ జేబులోంచే పోతుంది. దిగుమతి బండి బంపర్ అంటే ఆ సగం కూడా పెద్ద మొత్తమే. ఫియట్, ఫోర్డ్ లాంటి కంపెనీలు మన దేశంలో కార్లు అమ్మడం ఆపేశాయి. వాటి బండి కొనేముందు విశాఖలో ఎవరు చూస్తారు, పార్టులు ఎన్నాళ్లకు వస్తాయి అని ఫోన్ చేసి అడగండి. ఇక్కడ సర్వీస్ లేని బ్రాండ్ అయితే హైదరాబాద్ దాకా ఫ్లాట్‌బెడ్ మీద పంపాలి.

మొదటి ఏడాది మెట్లు

మామూలు కారు కొన్నారనుకుందాం. డ్రైవింగ్ స్కూల్ వాళ్లు టెస్టు పాసయ్యేలా నేర్పుతారు, అది చాలదు. లైసెన్సు వచ్చాక మొదటి రెండు నెలలు మీరు పక్క సీట్లో ఉండండి. మొదట ఎంవీపీ సెక్టార్ రోడ్లు, ఆదివారం ఉదయం సిరిపురం. తర్వాత సాయంత్రం మద్దిలపాలెం, జగదాంబ రద్దీ. అది టెన్షన్ లేకుండా వచ్చాక హైవే, హనుమంతవాక నుంచి ఆనందపురం దాకా. ఆ తర్వాత రాత్రి, ఆ తర్వాత వాన. తొలకరి జల్లుకు రోడ్డు మీద ఉన్న ఆయిల్ తేలి ఎలా జారుతుందో మీరు పక్కన ఉండగానే ఒకసారి తెలియాలి. సింహాచలం కొండ ఎక్కి దిగడం పగలు నేర్పండి. అనంతగిరి మీదుగా అరకు ఘాట్ మాత్రం మొదటి ఏడాది వద్దు, తెల్లవారుజామున పొగమంచులో అసలు వద్దు.

పక్కన కూర్చున్నప్పుడు అరవకండి. "ముందు ఏం కనిపిస్తోంది, ఆ ఆటో ఏం చేయబోతోంది అనుకుంటున్నావు?" అని అడుగుతూ ఉండండి. ఆగిన షేర్ ఆటో పక్కనుంచి మనిషి దిగుతాడని ముందే ఊహించడం, బస్సు ముందునుంచి పిల్లలు వస్తారని కాలు బ్రేకు మీద పెట్టుకోవడం, నేర్పాల్సిన అసలు డ్రైవింగ్ అదే. పవర్ ఎక్కువున్న కారులో కొత్తవాళ్లకు ఆలోచించే ఆ కాస్త సమయమే మిగలదు.

ఒంటరిగా పంపడం మొదలుపెట్టాక కొన్ని షరతులు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మొదటి ఆరు నెలలు రాత్రి తొమ్మిది దాటితే నడపకూడదు. ఒక్క స్నేహితుణ్ని మించి ఎక్కించుకోకూడదు. కారు నిండా తోటి పిల్లలుంటే ఎంత మంచివాడైనా వాళ్ల కోసం నడుపుతాడు, రోడ్డు కోసం కాదు. వెనక సీట్లో కూడా బెల్టు. ఫోన్ డాష్‌బోర్డు పెట్టెలో. బీచ్ రోడ్డు మీద ఎవరైనా పక్కకొచ్చి ఇంజిన్ రేజ్ చేస్తే వదిలేసి ఎడమకు జరగాలి. రోడ్డు మీద పందెం 189వ సెక్షన్ కింద జైలు దాకా తీసుకెళ్లే నేరం. అన్నిటికంటే ముఖ్యమైన షరతు మీ వైపు నుంచి ఉండాలి. తాగిన స్నేహితుడు నడుపుతున్నా, తనకు నిద్ర వస్తున్నా, ఏ వేళకైనా ఫోన్ చేస్తే మీరు వెళ్లి తీసుకురావాలి, ఆ రాత్రి ఒక్క మాట అనకూడదు. ఈ హామీ నమ్మిన పిల్లలే ఫోన్ చేస్తారు.

ఏడాది తర్వాత

చలానా లేదు, గీత పడలేదు, మీరు పక్కన కూర్చుంటే నిద్ర పట్టేలా నడుపుతున్నారు. అప్పుడు 100 నుంచి 130 మధ్య బండ్ల మాట మళ్లీ తీయొచ్చు. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న ఐ20 ఎన్ లైన్ లాంటిది, లేదా రీమ్యాప్ తగలని, సర్వీస్ రికార్డు పూర్తిగా ఉన్న పోలో జీటీ. పైన చెప్పిన పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచీ చేయాలి. ఈసారి టార్చి పట్టుకుని కిందికి వంగేది పిల్లలే కావాలి.

వేగం మీద నిజంగా మోజున్న పిల్లలుంటారు, అది చెడ్డ మోజు కాదు. దానికి చోటు వేరే ఉంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులో కారీ మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. ఇలాంటి ట్రాకుల మీద డ్రైవింగ్ శిక్షణ కార్యక్రమాలు జరుగుతుంటాయి. హెల్మెట్ ఉంటుంది, చెప్పేవాళ్లుంటారు, ఎదురుగా ఆటో రాదు. స్పోర్ట్స్ కారుకని దాచిన డబ్బులో చిన్న ముక్కతో సెలవుల్లో రైలు టికెట్, శిక్షణ రెండూ అయిపోతాయి. తేదీలు ముందే కనుక్కుని బుక్ చేయండి, వీలైతే మీరూ వెంట వెళ్లండి.